పెదబాబు గైర్హాజరు

ఇదంతా కమిషనర్ గారి ముఖం మీద చుక్కలు రావడంతో మొదలైంది.

జలజీవ ప్రదర్శనశాలల శాఖ ఏటా ఒక వార్షిక నివేదిక అచ్చు వేస్తుంది. దాన్ని ఎవరూ చదవరు కాబట్టి అందులో ఫొటోలైనా బాగుండాలని శాఖకు పట్టుదల. ఆ ఏడు మొదటి పేజీలో కమిషనర్ వాచస్పతి గారు ఏదో సాయంత్రం సభలో దీపం వెలిగిస్తున్న బొమ్మ వేశారు. హాల్లో వెలుతురు చాలక, తీసినవాడు కెమెరాలో ఐఎస్ఓ అనే అంకెను బాగా పెంచి తీశాడు. బొమ్మ వచ్చింది. దాంతోపాటు కమిషనర్ గారి బుగ్గల నిండా, నుదుటి నిండా సన్నసన్నటి చుక్కలు కూడా వచ్చాయి. నివేదిక అందుకున్న ఒక జిల్లా అధికారి వెంటనే ఫోన్ చేసి, "అమ్మవారు పోసిందని ఇప్పుడే తెలిసింది సార్. దాహం తగ్గిందా? మంచం మీద వేపాకు వేయించారా?" అని ఎంతో భక్తిగా పరామర్శించాడు.

కమిషనర్ గారు విచారణకు ఆదేశించారు. విచారణ సంఘం ఆ కెమెరాను విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన మరల్ని కవర్లో పెట్టి సీలు వేసి, చివరికి తేల్చిందేమిటంటే: ఐఎస్ఓ అంకె పెరిగే కొద్దీ చుక్కలు పెరుగును, తగ్గే కొద్దీ బొమ్మ నున్నగా వచ్చును. ఇది నిజమే. కాకపోతే సగం నిజం. మిగతా సగం విచారణ పరిధిలోకి రాలేదు. ఆ వారమే ఉత్తర్వు వెలువడింది. "శాఖాపరముగా తీయబడు సమస్త ఛాయాచిత్రములందును ఐఎస్ఓ నూరుకు మించరాదు, చుక్కలు కనిపించరాదు. మించిన పక్షమున క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడును."

కళింగరేవు ప్రభుత్వ ఆక్వేరియానికి క్యూరేటరు అయిన హైమవతి ఆ ఉత్తర్వు చదివి నవ్వుకుంది. తర్వాత్తర్వాత తలుచుకుంటే, ఈ వ్యవహారం మొత్తంలో ఆవిడ మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

ఎందుకంటే ఆ ఉత్తర్వు వెనకాలే ఇంకొకటి వచ్చింది. ఆ రోజుల్లో ప్రభుత్వానికి హాజరు పిచ్చి పట్టుకుంది. పంతుళ్ళకు ఫొటో హాజరు, నర్సులకు ఫొటో హాజరు, చెత్తబండికి ఫొటో హాజరు, చివరికి రోడ్డు పక్కన నాటిన మొక్కలకు కూడా ఫొటో హాజరు. మన శాఖ ఒక్కటే వెనకబడితే బాగుండదని చేపలకూ పెట్టారు. 'మీనదర్శిని' అని ఒక యాప్ చేయించారు. రోజూ పొద్దున్నే ఒక్కో తొట్టి ముందు నిలబడి శాఖ ఇచ్చిన కెమెరాతో ఫొటో తీయాలి. యాప్ ఆ ఫొటోలో చేపల్ని లెక్కపెట్టుకుంటుంది. కనిపించిన చేప హాజరు. కనిపించనిది గైర్హాజరు. హాజరైన చేపలకు ఎంత మేత కావాలో అంత మేరకే స్టోరు గదిలోని మేత పెట్టె తాళం తెరుచుకుంటుంది. లేని చేపల పేరుతో మేత కాజేసే పద్ధతికి ఇక చెల్లుచీటీ అని కమిషనర్ గారు పత్రికల వాళ్ళకు చెప్పారు. ఎండు రొయ్య పొడిని కాజేసి ఏం చేసుకుంటారని ఎవరూ అడగలేదు.

రెండు ఉత్తర్వులూ విడివిడిగా చూస్తే బంగారమే. ఒకదాని పక్కన ఒకటి పెట్టేసరికి చేపల ప్రాణం మీదికి వచ్చింది.

మొదటి రోజు హైమవతి కెమెరాలో నూరు పెట్టి, పెదబాబు తొట్టి ముందు నిలబడింది. పెదబాబు అంటే ఆస్కార్ చేప. అరచేతి కంటే పెద్దది, నల్లటి ఒంటి మీద నిప్పు కణికల్లాంటి మచ్చలు. ఆ జాతి చేపలకు మనుషుల్ని గుర్తుపట్టే తెలివి ఉంటుంది, అలక కూడా ఉంటుంది. తొట్టిలో రాయి కొంచెం జరిపితే చాలు, పొద్దస్తమానం మూలకు తిరిగి కూర్చుంటుంది. అందుకే తొట్లు కడిగే గవిరమ్మ దానికి ఆ పేరు పెట్టింది. హైమవతి దాన్ని వేలెడు పిల్లగా ఉన్నప్పటినుంచీ పెంచింది. ఆవిడ హాల్లోకి అడుగుపెడితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి ఒళ్ళంతా ఊపేది. ఎంతమంది సందర్శకులున్నా వాళ్ళందర్నీ వదిలేసి ఆవిడ ఎటు నడిస్తే అటు ఈదేది. ఆవిడకు అది చాలా ఇష్టంగా ఉండేది. ఎవరితోనూ అనేది కాదు గానీ, పొద్దున్న తొందరగా డ్యూటీకి రావడానికి అదే కారణం.

ఆ రోజు కూడా వచ్చి ఒళ్ళు ఊపింది. కెమెరా ఒక సెకను కన్ను తెరిచి, మూసింది. ఫొటోలో రాళ్ళు అద్భుతంగా వచ్చాయి. నాచు పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. మధ్యలో నల్లటి పొగలాంటి చార ఒకటి ఉంది. మీనదర్శిని కాసేపు ఆలోచించి, "ఈ తొట్టిలో చేపలు లేవు" అంది.

పక్క తొట్టిలో జీబ్రా చేపలు గుంపుగా తిరుగుతాయి. "ఈ తొట్టిలో చేపలు లేవు." రంగు రంగుల కోయి చేపల పెద్ద తొట్టి. "ఈ తొట్టిలో చేపలు లేవు." చివరి తొట్టిలో కొర్రమీను ఉంది. అది అడుగున మట్టిలో కడుపు ఆనించి, గాలి పీల్చడానికి ఎప్పుడో పైకి రావడం తప్ప, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నచోటునుంచి కదలదు. దాని బొమ్మ పొలుసు పొలుసూ విడివిడిగా, పెళ్ళికొడుకు ఫొటోలా వచ్చింది. "హాజరు. అత్యుత్తమం" అంది యాప్. మేత పెట్టె కొర్రమీను వాటా వరకు తెరుచుకుని, టక్కున మూసుకుంది.

"ఇదేటి మేడమ్ గారూ, సేపలు ఎదురుగా తిరుగుతుంటే నేవంటాదేటి?" అంది గవిరమ్మ.

"కదిలితే కనపడవు గవిరమ్మా."

"కదలకుండా ఉంటే అది సేపెలాగవుద్ది? కూరవుద్ది గానీ."

హైమవతి వెంటనే జిల్లా ఉపసంచాలకులు దశరథరామయ్య గారికి ఫోన్ చేసింది. ఆయన మంచివాడు. ఎవరికీ అపకారం చెయ్యడు. ఉపకారం చెయ్యాలంటే పైనుంచి లిఖితపూర్వకంగా రావాలి.

"సార్, ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురుకు ఎంత త్వరగా స్పందించాలో చెప్పే అంకె సార్. ఎండలో అయితే నూరు చాలు. మా హాల్లో మసక చీకటి. నూరు పెడితే, చాలినంత వెలుతురు పోగు చేసుకోడానికి కెమెరా ఒక సెకను కన్ను తెరుచుకుని ఉండాలి. ఆ సెకనులో చేప ఇటునుంచి అటు వెళ్ళిపోతుంది. అంకె పెంచితే రెప్పపాటు చాలు, చేప ఎక్కడున్నది అక్కడే దొరుకుతుంది. కాస్త చుక్కలు వస్తాయి, అంతే."

"చేపలు ఎందుకు వెళ్ళిపోతున్నాయి?"

"చేపలు కదా సార్."

"అది కారణం కాదమ్మా, స్వభావం. స్వభావాన్ని నేను ఫైల్లో రాయలేను. కారణం చెప్పండి."

హైమవతి మళ్ళీ ఐఎస్ఓ దగ్గర్నుంచే మొదలుపెట్టింది. దశరథరామయ్య గారు జాలిపడి, నిబంధనలకు లోబడి ఏమైనా చేసుకోమన్నారు. ఆవిడ నిబంధనలకు లోబడి చేయగలిగిందల్లా చేసింది. ముందుగా తొట్ల మీద ఇంకో నాలుగు దీపాలు అడిగింది. అది విద్యుత్ పొదుపు మాసోత్సవం నడుస్తున్న సమయం. ఉన్న దీపాల్లోంచే రెండు తీసుకుపోయారు. తర్వాత ఫ్లాష్ వేసి చూసింది. ఫ్లాష్ అద్దం మీద పడి, తెల్లగా పగిలి, తిరిగి ఆవిడ మొహం మీదికే కొట్టింది. చేపలన్నీ దడుచుకుని రాళ్ళ వెనక దూరాయి. ఫొటోలో తెల్లటి వెలుగు మధ్య అద్దంలో ఆవిడ మొహం ఒక్కటే కనిపించింది. మీనదర్శిని దాన్ని చాలాసేపు పరీక్షించి, "చేప: ఒకటి. జాతి: గుర్తింపబడలేదు. పరిమాణం: భారీ" అని రాసింది.

ఇలా ఉండగా రాష్ట్రంలోని అన్ని ఆక్వేరియాల్లోనూ గైర్హాజరు పెరిగిపోయిందని కేంద్ర కార్యాలయం గమనించింది. చేపల్లో క్రమశిక్షణ లోపించిందని నిర్ధారణకు వచ్చింది. 'నిశ్చలతా శిక్షణ' పేరుతో ఊరూరికీ ఒక యోగా గురువును పంపారు. కళింగరేవుకు వచ్చినాయన తొట్ల ముందు చాప పరుచుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చేపలు కాసేపు వచ్చి చూసి, తినేది కాదని తెలుసుకుని వెళ్ళిపోయాయి. శిక్షణ ముగిసే రోజుకు ఒక్క కొర్రమీనే పూర్తి ఫలితం సాధించిందని గురువు గారు నివేదించారు. దాని పేర ధ్రువపత్రం వచ్చింది, తొట్టి పైన వేలాడగట్టారు. హాజరు ప్రోత్సాహకం కింద దాని మేత కూడా పెంచారు.

కొర్రమీను రోజురోజుకీ లావెక్కుతోంది. మిగతా చేపలు డొక్కలు పీక్కుపోతున్నాయి. గవిరమ్మ అసలు దాన్ని 'హెడ్డుగారు' అని పిలవడం మొదలుపెట్టింది. "మా ఆఫీసోళ్ళలో కూడా కదలనోడే గదండీ బాగుపడేది, సేపలకి ఇప్పుడు తెలిసొచ్చినాది" అంది, తొట్టి తుడుస్తూ.

పెదబాబు మాత్రం ఒకసారి హాజరయింది. ఆ రోజు ఎందుకో అలిగి, మూలన మొహం పెట్టి, సెకను పైనే కదలకుండా నిలబడింది. హైమవతి ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. బొమ్మ అచ్చు గుద్దినట్టు వచ్చింది. యాప్ పచ్చగా వెలిగింది. ఆవిడ మేత పెట్టె దగ్గరికి పరుగెత్తేలోపల కేంద్ర కార్యాలయంలోని ఛాయాచిత్ర నాణ్యతా విభాగం నుంచి ఫోను.

"మేడమ్, మీరు ఐఎస్ఓ పెంచారు."

"లేదండి. నూరే."

"ఒంటి నిండా చుక్కలు కనపడుతున్నాయి కదా?"

"అవి కెమెరా చుక్కలు కావండి, చేప మీద మచ్చలు. పుట్టుకతో వచ్చినవి."

అవతల గుసగుసలు. పైవాళ్ళను అడుగుతున్నట్టుంది. "మేడమ్, ప్రభుత్వ ఛాయాచిత్రంలో చుక్కలు ఉండకూడదని ఉత్తర్వు. ఎవరివని ఉత్తర్వులో లేదు. తిరస్కరిస్తున్నాం."

పచ్చ దీపం ఆరిపోయింది. ఆ క్షణంలో హైమవతికి కోపం కాదు, భయం వేసింది. పెదబాబు అద్దం దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది గానీ, ఇదివరకటిలా ఒళ్ళు ఊపలేదు. తోక ఒక్కటీ నెమ్మదిగా ఆడించింది. దాని తల వెనక కండ కరిగి గుంట పడి ఉంది. ఆవిడకు ఆ చూపు ఇంటికి వెళ్ళాక కూడా వదల్లేదు. 

మర్నాడు టిఫిన్ క్యారియర్లో పై గిన్నెలో తన పెరుగన్నం, కింది గిన్నెలో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన రొయ్యలు పట్టుకొచ్చింది. పెదబాబు మొదటి రొయ్యను ఆవిడ వేళ్ళ మధ్య నుంచే లాక్కుంది. రెండో రొయ్యకి ఒళ్ళు ఊపింది. హైమవతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడున్న సీసీ కెమెరాలో ఐఎస్ఓ ఎంతో ఎవరికీ తెలియదు గానీ, అది మాత్రం అంతా స్పష్టంగా రికార్డు చేసింది.

మెమో వచ్చింది. "ప్రభుత్వ చేపకు ప్రైవేటు వ్యక్తి ఆహారము పెట్టుట తీవ్రమైన ప్రలోభముగా భావింపబడుచున్నది. ఇందువలన ప్రభుత్వమునకు విధేయముగా ఉండవలసిన జీవి వ్యక్తివిధేయతకు లోనగును. పునరావృతమైనచో సదరు క్యూరేటరును విధులనుండి తప్పించి, సదరు చేపను వేరు ప్రదేశమునకు తరలించెదము." దాని కిందే ఇంకొక పేరా. "మాసాంతమునకు ఒక్కమారైనను హాజరు కాని జీవులను లేనివిగా పరిగణించి, జాబితా నుండియు తొట్టి నుండియు తొలగించవలెను. ఈ కార్యక్రమమును కమిషనరు వారు స్వయముగా కళింగరేవు నుండి ప్రారంభించెదరు."

"తొట్టిలోంచి తొలగించడమంటే ఏమిటి సార్?" అని హైమవతి దశరథరామయ్య గారిని అడిగింది.

"లేని చేపను ఎలా తొలగిస్తారో అలా. మార్గదర్శకాలు ఇంకా రాలేదమ్మా."

"బజారుకేనా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రికార్డు ప్రకారం అక్కడ చేపే లేదు కదమ్మా. లేని చేప ఎక్కడికి వెళ్తే ఏం?" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు. అయినా తొలగింపు జాబితా మీద సంతకం పెట్టారు.

కమిషనర్ గారు రావలసిన రోజు రానే వచ్చింది. బయట గేటు దగ్గర దశరథరామయ్య గారు వారి నిలువెత్తు ఫ్లెక్సీ పెట్టించారు. చేతులు జోడించి, పళ్ళు కనిపించీ కనిపించకుండా నవ్వుతూ, నీలం సూటులో ఉన్నారందులో. అసలు కమిషనర్ గారు ఫ్లెక్సీ కంటే జానెడు పొట్టి. ఒక్క క్షణం నిలకడగా ఉండే మనిషి కాదు. మాట్లాడితే రెండు చేతులూ గాల్లోనే ఉంటాయి, నడుస్తూ మాట్లాడతారు, మాట్లాడుతూ వెనక్కి తిరుగుతారు, తిరుగుతూ ఫోన్ ఎత్తుతారు.

హాల్లో తొట్టి తొట్టినీ చూస్తూ వచ్చి కొర్రమీను దగ్గర ఆగిపోయారు. "ఇది! ఇదీ చేప అంటే! ఏం గాంభీర్యం, ఏం నిగ్రహం! మిగతావి దీన్ని చూసి నేర్చుకోవద్దూ?" అని ముచ్చటపడ్డారు. కొర్రమీను కన్ను కూడా కదపలేదు.

"తనిఖీ హాజరు ఇక్కడే వేద్దాం సార్" అన్నారు దశరథరామయ్య గారు. అధికారుల పర్యటనలు కూడా మీనదర్శిని లోనే నమోదు కావాలని కొత్త నిబంధన. అది కూడా కమిషనర్ గారి ఆలోచనే. ఫొటో పడితే తనిఖీ జరిగినట్టు. పడకపోతే అధికారి రాలేదని కార్యదర్శి గారికి ఆటోమేటిక్‌గా సందేశం వెళ్ళిపోతుంది.

"ఈ తొట్టి దగ్గర నిలబడండి సార్, బాగుంటుంది" అని హైమవతి ఆయన్ని పెదబాబు తొట్టి ముందుకు తీసుకొచ్చింది. పెదబాబును కడసారి ఒక్కసారి ఆ ఫొటోలో ఉంచుకుందామని తప్ప అప్పటికి ఆవిడ మనసులో ఇంకేం లేదు. కెమెరాలో నూరు పెట్టి నొక్కింది. కమిషనర్ గారు ఆ సెకనులోనే నీళ్ళ ఉష్ణోగ్రత గురించి ఏదో అంటూ చెయ్యి ఊపారు.

ఫొటోలో నీలం రంగు పొగ ఒకటి, దాని పక్కన నల్ల పొగ ఒకటి. "ఇక్కడ ఎవరూ లేరు. కమిషనర్: గైర్హాజరు" అంది యాప్.

"ఏమిటిది?" అన్నారు వాచస్పతి గారు.

"కదిలారు సార్."

"నేనా? నేనెక్కడ కదిలాను?"

మళ్ళీ తీసింది. ఈసారి ఆయన కాళ్ళు చేతులు బిగపట్టారు, "ఇప్పుడు సరిగ్గా ఉన్నానా?" అని అడిగారు. శరీరం వచ్చింది, తల రాలేదు. మూడోసారి ఫోన్ మోగింది. నాలుగోసారి తుమ్ము వచ్చింది. ఆపైన గురువు గారు నేర్పిన నిశ్చలతా భంగిమలో నిలబడాలని చూశారు గానీ, అది నేర్చుకున్న కొర్రమీనుతో ఆయనకు పోలిక లేదు. అంతలో కార్యదర్శి గారి కార్యాలయం నుంచి సందేశం వచ్చింది. "కళింగరేవు తనిఖీకి మీరు హాజరు కానట్టు నమోదైనది. సంజాయిషీ ఇవ్వండి."

వాచస్పతి గారి మొహంలో రంగు పోయింది. "నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా!" అని హాలంతా వినపడేలా అరిచారు. "కళ్ళెదురుగా ఉన్న మనిషిని లేడంటుందేమిటి?"

"పెదబాబు కూడా అదే అంటన్నాదండి, ఎవులూ ఇన్నేదు" అంది గవిరమ్మ, బకెట్టు దించుతూ. ఆవిడతో ఆయనకు పరిచయం లేదు కాబట్టి వినిపించుకోలేదు.

"ఏదైనా మార్గం చెప్పమ్మా" అన్నారు హైమవతితో. ఆ గొంతులో మొదటిసారి మనిషి వినిపించాడు.

"ఐఎస్ఓ మూడువేల రెండువందలు పెడితే, సార్, మీరు ఎంత కదిలినా బొమ్మ పడుతుంది. కానీ ఉత్తర్వు ఒప్పుకోదు."

"ఎవడిచ్చాడా ఉత్తర్వు?"

 ఇచ్చింది తానేనని ఆయనకే గుర్తొచ్చింది. "చుక్కలు వస్తాయి కదూ?" అన్నారు మెల్లిగా.

"ఒక్కటి పరీక్షకు తీసి చూపిస్తాను సార్." హైమవతి అంకె పెంచి నొక్కింది. రెప్పపాటులో అయిపోయింది. కమిషనర్ గారు చెయ్యి ఎత్తి, నోరు తెరిచి, సజీవంగా ఉన్నారు. ఆయన కెమెరా వెనక తెర మీదికి వంగి తన మొహాన్నే చాలాసేపు చూసుకున్నారు. "చుక్కలు ఉన్నాయి. ఉన్నాయి గానీ... కళ్ళకింద ముడతలు కనపడటం లేదు సుమా" అన్నారు.

హైమవతి మాత్రం ఆయన భుజం పక్కన చూస్తోంది. అక్కడ పెదబాబు స్పష్టంగా ఉంది. మచ్చలతో సహా, గుంటపడిన తలతో సహా, అద్దానికి మూతి ఆనించి ఉంది. యాప్ పచ్చగా వెలిగి, "హాజరు: ఒక అధికారి, ఒక చేప" అంది. స్టోరు గదిలో మేత పెట్టె టక్కున తెరుచుకున్న చప్పుడు హాల్లోకి వినిపించింది. 

కమిషనర్ గారు అప్పటికే సవరణ చెప్పడం మొదలుపెట్టారు, దశరథరామయ్య గారు రాసుకుంటున్నారు. "కమిషనరు వారు ఉన్న ఛాయాచిత్రములకు మాత్రము ఐఎస్ఓ మూడువేల రెండువందల వరకు సడలింపు ఇవ్వడమైనది. అట్టి ఛాయాచిత్రములందలి చుక్కలు ఆక్షేపణీయములు కావు."

ఇంతకాలం ఉత్తర్వులు అందుకోవడమే గానీ రాయించడం ఎరగని హైమవతి, గొంతు సవరించుకుంది. "సార్, చిన్న మనవి. ప్రతి ఆఫీసులోనూ గోడ మీద మీ పటం ఉంటుంది. ఫొటోలో ఆ పటం వచ్చినప్పుడు మీరు మసగ్గా పడితే బాగుండదు కదా సార్, మన శాఖకే చిన్నతనం."

వాచస్పతి గారు ఆవిడవైపు మెచ్చుకోలుగా చూశారు. "నిజమే. నాకు తట్టనే లేదు. రాయండి. ప్రత్యక్షముగా గాని, పటముగా గాని, మరి ఏ ఇతర ఆకారమున గాని."

ఆయన కారు మలుపు తిరిగీ తిరగక ముందే హైమవతి, గవిరమ్మ కలిసి గేటు దగ్గరి ఫ్లెక్సీని పెకలించి లోపలికి మోసుకొచ్చారు. తొట్లు కడిగే సామాను తోసుకెళ్ళే బండికి కట్టి, ఒక్కో తొట్టి పక్కనా నిలబెట్టారు. కమిషనర్ గారు చేతులు జోడించి జీబ్రా చేపల పక్కన నవ్వారు. ఐఎస్ఓ మూడువేల రెండువందలు. గుంపంతా హాజరు. కోయి చేపల పక్కన నవ్వారు. హాజరు. మేత పెట్టె తెరుచుకుంటూనే ఉంది. ఎన్నో రోజుల తర్వాత నీళ్ళ మీద చేపల నోళ్ళు చప్పరించే శబ్దం హాలంతా నిండింది.

"ఓలమ్మో, ఈ బాబు బొమ్మే ఇంత పుణ్యం సేసినాది, ఈయన రాకపోయినా పర్నేదు" అంది గవిరమ్మ.

నెల తిరిగేసరికి కళింగరేవు హాజరులో రాష్ట్రానికే ప్రథమ స్థానంలో నిలిచింది. తొలగించవలసిన జీవి ఒక్కటీ మిగల్లేదు. కేంద్ర కార్యాలయం దీన్ని కూలంకషంగా అధ్యయనం చేసి, కమిషనర్ గారి సన్నిధిలో చేపలు ఉత్తేజితమై ప్రత్యక్షమగుచున్నవని కనుక్కుంది. అన్ని ఆక్వేరియాలకూ ఫ్లెక్సీలు పంపారు. వాటిని అనుకరించాలని పశువుల ఆసుపత్రుల వాళ్ళు కూడా ఆలోచిస్తున్నారని వినికిడి. కొర్రమీను ఒక్కటే, కొత్త పద్ధతిలో దానికి ప్రత్యేక ఆధిక్యం ఏమీ లేకపోవడంతో, మామూలు మేతకు వచ్చేసింది. అది దానికి తెలిసినట్టు లేదు.

పెదబాబు తల వెనక గుంట పూడింది. మచ్చలు మళ్ళీ నిప్పుల్లా వెలిగాయి. హైమవతికి అంతకంటే కావలసింది ఏముంది? ఏమీ లేదనే అనుకుంది.

తానే కనుగొన్న ఫలితాన్ని స్వయంగా చూసుకోడానికి వాచస్పతి గారు మళ్ళీ వచ్చారు. పెదబాబు తొట్టికి ఒక పక్క ఫ్లెక్సీ ఉంది. కమిషనర్ గారు రెండో పక్కకు వచ్చి అద్దం మీద వేలితో తట్టారు. పెదబాబు పట్టించుకోలేదు. అది ఫ్లెక్సీ వైపున అద్దానికి అతుక్కుని, నీలం సూటు ఎదురుగా ఒళ్ళంతా ఊపుతోంది. తోక, రెక్కలు, మొప్పలు, అన్నీ ఆడుతున్నాయి.

"చూశారా? నన్ను గుర్తుపట్టింది!" అన్నారు వాచస్పతి గారు. నిజంగానే ఆయన జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత విశ్వాసం!"

దశరథరామయ్య గారు చప్పట్లు కొట్టారు. హైమవతి చేతిలో రొయ్య పట్టుకుని తొట్టి మధ్యకు వచ్చి నిలబడింది. వేలెడు పిల్లగా ఉన్నప్పటినుంచీ నిలబడే చోటే అది. "పెదబాబూ" అంది నెమ్మదిగా. పెదబాబు తిరగలేదు. ఆవిడ ఇటు నాలుగడుగులు వేసింది, అటు నాలుగడుగులు వేసింది. అది నీలం సూటునే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆవిడ కెమెరా వెనక ఉంది, మేత వేసేటప్పుడు ఫ్లెక్సీ వెనక ఉంది. ఆకలి తీరిన ప్రతిసారీ దాని కంటికి కనిపించింది ఆ ఒక్క మొహమే.

ఆవిడకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. చేప ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి నీకు అని తనను తానే గట్టిగా తిట్టుకుంది. దిగమింగుకుంది.

"మేత వెయ్యండమ్మా, ఫొటో తీస్తున్నారు" అన్నారు దశరథరామయ్య గారు.

హైమవతి ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళింది. అక్కణ్ణించి చెయ్యి చాపి, తొట్టి పైనుంచి రొయ్యను నీళ్ళలోకి ముంచింది. పెదబాబు కమిషనర్ గారి నవ్వును చూస్తూ చూస్తూ పైకి వచ్చి, ఆవిడ వేళ్ళ మధ్యనుంచి రొయ్యను అందుకుంది. ఫొటో చాలా బాగా వచ్చింది. చుక్కలు ఉన్నాయి గానీ, ఆక్షేపణీయం కాదు. అంచున ఎవరిదో చెయ్యి ఒకటి పడితే, నివేదికలో వేసేటప్పుడు కత్తిరించేశారు.